రాహుకాలంలో మొరాయించిన మెషీన్లు

చీఫ్ కాశీవిశ్వనాథం ఫోన్‌లో హలో అనడు.

“ఫిల్మ్‌నగర్‌లో మెషీన్లు లేవడం లేదు, వెళ్లు. విదేశీ ముఠా ఈరోజు మనవాళ్లలో ఒకరిని చంపబోతోంది. ఎవరిని, ఎలా అన్నది మనకు చేరిన ఫ్లాపీలో కోడ్ రూపంలో ఉంది.”

ఏజెంట్ త్రినాథరావుతో ఆ వారం మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. త్రినాథరావు పెట్టుడు గడ్డం అతికించుకుని, గ్రాఫిక్స్ ఇంజినీర్ చలపతిరావుగా మారి ఇంటికి తాళం వేశాడు. చెప్పి వెళ్లడానికి ఇంట్లో ఎవరూ లేరు.

తొంభై ఆరు వేసవి అది. పౌరాణిక సినిమా గ్రాఫిక్స్ పేరుతో నడుస్తున్న స్టూడియోలో ఒక గది నిండా కంప్యూటర్లు. అన్నీ కలిసి ఒకే లెక్క చేస్తే తప్ప ముఠా కోడ్ విడిపోదు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక అన్నీ వెలిగాయి గానీ, మాస్టర్ మెషీన్ పిలిస్తే ఒక్కటీ పలకడం లేదు.

ఫ్లాపీ తెచ్చిన లీలాకుమారి అక్కడే ఉంది. పేరుకు డాన్సర్. ముఠాలో ఉంటూ మన ఆఫీసుకు కబుర్లు చేరవేస్తుంది. త్రినాథరావుకు ఆమె అంటే ఇష్టం. నమ్మకం మాత్రం లేదు.

కేబుళ్లు చూశాడు, కార్డులు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అనుమానం ఆమె మీదికి పోయింది. మెషీన్లు పాడుచెయ్యమని ముఠా పంపిందా అని మొహం మీదే అడిగేశాడు.

“మీరు ఎవర్నీ నమ్మరండీ. అందుకే మీకెవరూ లేరు,” అని ఆమె హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తెర వైపు తిరిగి, మెషీన్లు తమ తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్ తెరిచాడు. అందులో అన్ని మెషీన్లదీ ఒకటే గోల: మాస్టర్ పంపిన అనుమతి టికెట్ మీద టైం పాతది, చెల్లదు. మాస్టర్ గడియారం చూస్తే బాగా వెనకబడి ఉంది.

స్టూడియో మేనేజర్ వెంకటనర్సయ్యను పిలిచాడు. ఆయన తప్పు చేసినట్టే లేడు.

“కరెంటొచ్చేసరికి రాహుకాలం షురూ అయింది సార్. పెద్ద మిషన్ టైం రాహుకాలం రాకముందుకు జర ఎన్కకు పెట్టి ఆన్ చేసిన.”

మిగతావాటి సంగతేమిటని అడిగాడు త్రినాథరావు.

“హీరోకే ముహూర్తం చూస్తం సార్. జూనియర్ ఆర్టిస్టులకు ఎవరు చూస్తరు?”

టైం సరిచేసి మాస్టర్‌ను మళ్లీ స్టార్ట్ చేశాడు. ఒక్కొక్కటిగా అన్నీ పలికాయి. కోడ్ విడిపోయింది. తెర మీద అక్షరాలు నిలిచాయి: ‘లీలాకుమారి ద్రోహి. ఆమె కారు ఎక్కడ ఆగితే అక్కడే దాన్లో బాంబు పెట్టండి. తాళం తిప్పగానే పేలాలి.’

తన చావు కబురు తనే మోసుకొచ్చింది పిచ్చిది. త్రినాథరావు మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. కారులో కూర్చుని ఇంతసేపూ ఏడ్చినట్టుంది, కళ్లు తుడుచుకుని అప్పుడే తాళం పెడుతోంది. కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం లాగేశాడు. గడ్డం సగం ఊడి వేలాడుతోంది.

బాంబు తీసేశారు. సాయంత్రం చీఫ్ ఇచ్చిన కొత్త పేరుతో ఆమె నాంపల్లిలో రైలెక్కింది. త్రినాథరావు క్షమించమన్నాడు. ఉత్తరం రాయమని అడగాలనిపించింది గానీ రూలు ఒప్పుకోదు.

“మీ అసలు పేరేంటండీ?” రైలు కదులుతుంటే అడిగింది.

సర్వీసులో చేరాక మొదటిసారి నిజం చెప్పాడు. “త్రినాథరావు.”

ఆమె నవ్వేసింది. “ఈ మారుపేరు మీకు నప్పలేదండీ.”