సుభద్రాయమ్మ నీటివాటా

“కూనలు అనకు,” అంది తన్మయి. “పునరుత్పత్తి ఫలితం అను.”

దానం అడిగే అర్థిగా కొత్తగా చేరిన ప్రసూన తల ఊపి పాఠం మళ్లీ మొదలుపెట్టింది. “ఈ వారంలో నీరు అందకపోతే కొల్లేరులో గూడబాతుల పునరుత్పత్తి ఫలితం తగ్గుతుంది. మీ నీటివాటా ఇవ్వగలరా?”

బల్ల మీద ఆమె గొంతును కొలుస్తున్న ప్రమాణి ఆకుపచ్చగానే ఉండిపోయింది. “సరిపోయింది,” అంది తన్మయి.

సరస్సు సంరక్షణ సంస్థలో మహాదాన విభాగానికి ఆమె అధిపతి. మహాదానమంటే డబ్బు కాదు, నీళ్లు. కాలువలన్నిటినీ వాటాలుగా పంచేశాక సరస్సుకంటూ వాటా మిగల్లేదు. ఎవరైనా తమది వదులుకుంటేనే దానికి నీరు. ఒకప్పుడు అర్థులు ముసలివాళ్ల ముందు కూర్చుని ఏడ్చి, వాళ్లని ఏడిపించి, ఉన్న నీళ్లన్నీ రాయించుకున్నారు. ఊళ్లు ఎండిపోయాయి. ఆ తర్వాత చట్టం వచ్చింది. అడిగేవాళ్లు చెవి వెనుక ఉద్వేగాన్ని అణిచే శమని పట్టీ అంటించుకోవాలి. ఎదురుగా ప్రమాణి ఉండాలి. అడిగే గొంతులో ఉద్వేగం హద్దు దాటితే ఆ ఋతువుకు ఇక దాత సమ్మతి చెల్లదు, అర్థికి పని చేసే అనుమతీ ఉండదు. ఆ చట్టం న్యాయమైనదేనని తన్మయి నమ్మకం.

పని అయ్యాక శమని తీసేయాలని నియమం. ఆమె తీయడం మానేసి ఏడాది కావస్తోంది. నిరుడు నీరు వెనక్కి తగ్గి, దిబ్బల మీది గూళ్లదాకా కుక్కలు నడిచి వచ్చాయి. ఆ మర్నాడు దాతలను అక్కడికి తీసుకెళ్లి, ఈకల మధ్య నిలబడి, నష్టం శాతాలు వివరించింది. గొంతు వణకలేదు. సాయంత్రం ఇంటికెళ్లి చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి, శమని తీయకుండానే ఎందుకో దించేసింది. అప్పటి నుంచి ఏం తిన్నా ఒకలాగే ఉంది. అలా ఉన్నందుకు ఇబ్బందీ అనిపించలేదు.

డైరెక్టరు జ్ఞానరత్నం గుమ్మం దగ్గర ఆగాడు. “సుభద్రాయమ్మ గారి దగ్గరకేనా?”

“అవునండి.”

“ఏడాదిగా తిరుగుతున్నావు. ఆవిడ ఇవ్వదు.”

“ఆవిడ కాకపోతే ఈ ఋతువుకింక ఎవరూ లేరండి. దిబ్బల చుట్టూ మోకాలి లోతే ఉంది.”

“సరే, వెళ్లిరా,” అన్నాడాయన. ఆయన చెవి వెనుకా శమని ఉంది. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టే ఉంది.

పెనుమత్స సుభద్రాయమ్మ చెరువుగట్టు మీద రేకుల పందిరి కింద కూర్చుని ఉంది. ఆవిడవి రెండు రొయ్యల చెరువులు. భర్త పోయాక రొయ్యలు వేయడం మానేసింది. అయినా ప్రతి ఋతువుకీ ఆవిడ వాటా నీళ్లు వచ్చి రెండు చెరువులూ నిండుతాయి, ఎండకి ఆవిరైపోతాయి.

“వచ్చేవా? కూచో. మజ్జిగ తాగు.”

తన్మయి మజ్జిగ తాగింది, ప్రమాణిని స్టూలు మీద పెట్టింది, చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ చెప్పింది. ఆకుపచ్చ వెలుగు చలించలేదు.

సుభద్రాయమ్మ చివరిదాకా విని, “ఈ నీళ్ల కోసం మా ఆయన లాకుల దగ్గర కొట్లాటకెళ్లి తల పగలగొట్టించుకున్నారు,” అంది. “కుట్లేయించుకొచ్చి, నీళ్లొచ్చేయే అని నవ్వేరు. అలాంటి నీళ్లు నన్ను నువ్వు ఉప్పు అందించమన్నట్టు అడుగుతున్నావు. ఎలా ఇవ్వనమ్మా?”

“చట్టం అలా ఉందండి.”

“చట్టం ఎలా ఉందో నాకూ తెలుసు. అది తీసేసి అడుగు. అడిగితే ఇస్తాను.”

“తీస్తే మీరిచ్చినా చెల్లదండి.”

“తియ్యకపోతే నేనివ్వను.”

తన్మయి రెండు దారులూ ఆలోచించింది. ఏ దారిలోనూ సరస్సుకు నీరు లేదు. లేచి, వేరే రోజు వస్తానని చెప్పి వెళ్లిపోవడమే పద్ధతి. ఆమె లేవలేదు. వేరే రోజంటూ లేదని తెలుసు. చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. ఈసారి దించలేదు. శమని చర్మాన్ని పట్టుకుని సాగి ఊడింది.

ముందు దురద పుట్టింది. తర్వాత ఆకలి వేసింది, ఉదయం ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎండ మీద చిరాకు, కుర్చీ మీద చిరాకు. తిమ్మిరెక్కిన కాలు నేలకి ఆనించినప్పుడు పొడుచుకొచ్చినట్టు ఒళ్లంతా పొడుచుకొచ్చింది. సుభద్రాయమ్మ తొందరపెట్టలేదు.

“నాకెందుకు కావాలో చెప్పడం రాదండి,” అంది తన్మయి. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “అవి నీళ్ల మీద దిగేటప్పుడు కాళ్లు ముందుకి చాపి జారతాయి చూడండి... చిన్నప్పుడు మేం లంకలో బురద మీద అలాగే జారేవాళ్లం. అది చూడకుండా బతకడం నాకిష్టం లేదు. కూనలు ఇంకా ఎగరలేవండి. కుక్కలు తినేస్తాయి. నిరుడు తినేశాయి. మీ నీళ్లు కావాలి నాకు. ఇవ్వండమ్మా.”

ఆమె ఏడుస్తోంది. ప్రమాణి ఎర్రబడి, సమ్మతి రద్దయిందని మర్యాదగా ప్రకటించింది.

“ఇచ్చేను,” అంది సుభద్రాయమ్మ.

“రద్దయిపోయిందండి.”

“అది నాకు చెప్పేదేంటి? చెరువు నాది, తూము నాది. పట్టు, లేవనీ నన్ను.”

సరస్సులోకి పోయే మురుగుకాలువ వైపు తూముకి మోటారు ఉంది కాని దానికి ప్రమాణి అనుమతి కావాలి. తుఫానులప్పుడు వాడే చేతిచక్రం మాత్రం ఇంకా అలాగే ఉంది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తన్మయి చున్నీ చుట్టి పట్టుకుంది. రెండోవైపు ముసలావిడ బరువంతా వేసి వేలాడింది. “తిప్పమ్మా, అన్నం తినలేదా?” అంది. “తినలేదండి,” అంది తన్మయి. ఏడుపులోంచి నవ్వొచ్చింది. చక్రం కీచుమని కదిలింది. షట్టరు కింద నీరు ముందు బురదగా, తర్వాత తెల్లగా దూకి, మలుపు తిరిగి సరస్సు వైపు పోయింది.

ఇద్దరూ గట్టు మీద కూలబడి రొప్పుతుండగా ఫోను మోగింది. జ్ఞానరత్నం.

“తన్మయీ, నీ అనుమతి రద్దయింది.”

“తెలుసండి.”

“మురుగుకాలువలో నీరు పెరుగుతోంది. వ్యవస్థకి అదేమిటో అర్థం కాలేదు. దానం కాదు, అమ్మకం కాదు. చివరికి గండి అని రాసుకుంది. గండి అంటే నేను గ్యాంగుని పంపించి పూడ్పించాలి.”

“పంపకండి సార్.”

“ఇది సంస్థ తరఫున అడుగుతున్నావా?”

“కాదండి. నేనడుగుతున్నాను.”

అటువైపు కుర్చీ జరిగి, తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

“గ్యాంగులో అందరూ ఇవాళ సెలవు,” అన్నాడు జ్ఞానరత్నం. అది బుధవారం. పండగ కూడా కాదు. “రేపు కూడా రారనుకుంటాను.” ఫోను పెట్టేశాడు.

“ఎవరు?” అంది సుభద్రాయమ్మ.

“మా డైరెక్టరు గారండి. గ్యాంగు సెలవంట.”

ముసలావిడ ఒక్క క్షణం ఆలోచించి, నేలకి చెయ్యి ఆనించి లేచింది.

“అయితే రెండో చెరువు తూము కూడా ఎత్తేద్దాం, పద.”