అక్క కోసం వదిలిన చోటు

శనివారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. పెనుగొండ పక్క ఊళ్ళో మిషన్ హైస్కూలు. పిల్లలకి సెలవు, ఆఫీసు గది మాత్రం తెరిచి ఉంది. గుమాస్తా తబిత ప్రింటర్ ముందు కుర్చీ వేసుకుని, ఎంతకీ ఉడకని కందిపప్పును చూసినట్టు దాన్నే చూస్తోంది. నలభై నిమిషాలైంది. బయటికొచ్చింది జానెడు కాగితం.

ఆ ప్రింటర్ సంగతి బడిలో అందరికీ తెలుసు. సర్టిఫికెట్ల కోసం కొన్న పెద్ద సైజు రంగుల ప్రింటర్. అక్షరాలైతే చకచకా కొడుతుంది. ఫోటో ఇచ్చామా, అడుగు తీసి అడుగు వెయ్యదు. హెడ్మాస్టరుగారు దానికి నత్తగారని పేరు కూడా పెట్టారు.

సాయంత్రం ఐదింటికి చర్చిలో తబిత వాళ్ళ నాన్న జ్ఞానప్రకాశం మాస్టారి ఆదరణ కూడిక. ఆయన పోయి నలభై రోజులు. ఇప్పుడు ప్రింటవుతున్న ఈ ఫోటో భూస్థాపన రోజున తీసింది. చర్చి మెట్ల ముందు నాన్నని ఉంచిన పెట్టె, చుట్టూ కుటుంబమంతా. వాళ్ళ ఇళ్ళలో అలాంటి ఫోటో తప్పనిసరి. రాలేకపోయినవాళ్ళు ఉంటే వాళ్ళకో చోటు వదిలి మరీ నిలబడతారు. అక్క ఆశాజ్యోతి కువైట్‌లో నర్సు, సెలవు దొరకలేదు. "పెద్దమ్మాయిగారి చోటు వదలండమ్మా, ఆవిడ ఫోటో పంపిస్తే తర్వాత అతికించేస్తాను" అంటూ ఫోటోగ్రాఫర్ దుర్గాసాయి అందర్నీ సర్దాడు. పెట్టె తల వైపున, జ్ఞానమ్మత్తకీ తబితకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది.

చివరి మూడు రోజులూ మాస్టారు అడిగింది ఒక్కటే. "పెద్దది వచ్చిందా?" రాదని చెప్పడానికి నోరు రాక, "దారిలో ఉంది నాన్నా" అంటూ వచ్చింది తబిత. ఆ మాట పట్టుకునే ఆయన మూడు రోజులు ప్రాణం నిలబెట్టుకున్నాడు. చచ్చిపోయే మనిషికి అబద్ధం చెప్పానే అని తబిత ఇవాళ్టికీ కుమిలిపోతూనే ఉంది. ఇప్పుడు అక్క నిజంగానే దారిలో ఉంది. రాజమండ్రిలో విమానం దిగి కారెక్కింది. ఆవపువ్వు రంగు చున్నీ వేసుకుని, విమానాశ్రయం బయట దిగిన ఫోటో కూడా పంపింది. ఆమె వచ్చేసరికి ఖాళీ చోటుతోనైనా సరే నాన్న ఫోటో ఫ్రేములో ఉండాలని తబిత ఆరాటం.

తణుకు నుంచి మెకానిక్ ఎజ్రా వచ్చాడు. ఫైలు చూసి నాలుక కరుచుకున్నాడు.

"రెండొందల పన్నెండు ఎంబీ! చెంబులో చెరువు పొయ్యమంటే పాపం అదేం చేస్తుందండీ?"

సగంలో ఆగిన కాగితం లాగేసి పని మొదలెట్టాడు. క్యూలో ఇరుక్కున్న పాత పనులన్నీ తుడిచాడు. నాణ్యత అంగుళానికి పన్నెండొందల చుక్కల నుంచి మూడొందలకి దించాడు. అరిగిపోయిన కేబుల్ మార్చాడు. ఫోటోని కుదించి వేరే పేరుతో దాచాడు, ఆరు ఎంబీకి వచ్చింది. స్క్రీన్ మీద అక్క చోటు ఖాళీగానే ఉంది, వెనక చర్చి మెట్లు కనబడుతున్నాయి.

"ఇంక చూడండి, గుర్రంలా పరిగెడుతుంది" అని ప్రింట్ నొక్కాడు.

గుర్రం లేదు, గాడిదా లేదు. సిరా డబ్బా కుడి నుంచి ఎడమకి ఒకసారి జరిగి ఆగింది. చాలాసేపటికి మళ్ళీ ఒకసారి జరిగింది. ఎజ్రా క్యూ తెరిచి గొణుక్కున్నాడు. "ఆరు పంపితే మళ్ళీ రెండొందల పన్నెండు చూపిస్తోందేంటండి ఇది?"

గోదారి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. పట్టపగలే గదిలో లైటు వెయ్యాల్సి వచ్చింది. గాలి లేదు. ప్రింటర్ లోంచి సన్నగా ఒక వాసన మొదలైంది. సిరా వాసన కాదది. వాడిపోయిన చామంతులు, అప్పుడే తవ్విన తడి మట్టి కలిసిన వాసన. తబితకి ఆ వాసన గుర్తే. నలభై రోజుల కిందట నాన్న సమాధి గోతి పక్కనే నిలబడి ఏడ్చింది.

కాగితం మీద ముందు ఆకాశం దిగింది. తర్వాత చర్చి గోపురం, దాని కింద వరసగా తలలు. జ్ఞానమ్మత్త నెరిసిన జుట్టు, ఈ పక్కన తన పాపిడి. ఆ రెంటి మధ్యా... ఇంకొక పాపిడి.

తబిత కళ్ళు నులుముకుంది. సిరా డబ్బా ఇంకోసారి జరిగింది. నుదురు వచ్చింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు అక్కకి పడ్డ గాటు.

ఆదరాబాదరా దుర్గాసాయికి ఫోన్ కొట్టింది. "అతికించడమేంటండీ? మీరు అక్కగారి ఫోటో పంపందే!" అన్నాడు అతను.

వెంటనే అక్కకి చేసింది. రెండు రింగులకే ఎత్తింది.

"ఎక్కడున్నావక్కా?"

"రావులపాలెం దాటామే. ఏంటో తబితా, కళ్ళు మసకేస్తున్నాయి. కారులో పూల వాసన... డ్రైవర్ని అడిగితే ఏ పూలూ లేవంటున్నాడు."

ఇక్కడ కాగితం మీద అక్క కళ్ళు పూర్తయ్యాయి. తర్వాత ముక్కు, పెదాలు. ఫోన్లో అక్క మాట ముద్దముద్దగా మారింది. సిరా గీత గడ్డం దాటింది. సిరా డబ్బా గొంతు మీదుగా మెల్లగా వెళ్ళింది...

అటువైపు మాట ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నీళ్ళలో మునిగిన మనిషి ఊపిరిలా.

"అక్కా... అక్కా!"

తబితకి అర్థమైంది. ఎంత మేరకి ఇక్కడ దిగుతోందో అంత మేరకి అక్క అక్కడ ఉండటం లేదు. ఇంతసేపూ ప్రింటర్ మొరాయించబట్టే అక్క ప్రాణాలతో ఉంది. ఆ నత్తని పరిగెత్తించమని ఎజ్రాని పిలిచింది తనే.

"ఆపండి ఎజ్రా గారూ, ఆపెయ్యండి!"

ఎజ్రా రద్దు మీట నొక్కాడు, మళ్ళీ మళ్ళీ నొక్కాడు. లాభం లేక గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. ప్రింటర్ దీపం ఆరిపోయింది. అయినా సిరా డబ్బా జరిగింది... ర్ర్... ఆవపువ్వు రంగు చున్నీ భుజం మీద దిగింది.

"వైరు నా చేతిలోనే ఉందండీ..." అని గుసగుసలాడాడు ఎజ్రా.

కాగితం మీద పెట్టె అంచు రావడం మొదలైంది. మాస్టారి తల పక్కనే అక్క నిలబడి ఉంది. ఆమె మణికట్టుని పెట్టెలోంచి లేచిన చెయ్యొకటి పట్టుకుని ఉంది. చూపుడు వేలికి సుద్దముక్క పట్టి పట్టి కాసిన కాయ. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన చెయ్యి, తబితకి అక్షరాలు దిద్దించిన చెయ్యి. బాధలోనూ భయంలోనూ ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడింది.

"నాన్నా! అబద్ధం చెప్పింది నేను. అక్క తప్పేం లేదు. ఆవిడకి ఇద్దరు చంటిపిల్లలు. వదిలెయ్ నాన్నా... నా ఆయుష్షు కూడా అక్కకే పోసెయ్!"

మన వైపు తల్లులూ అత్తలూ తుమ్మినంత తేలిగ్గా అనేసే మాట అది. బిడ్డకి పొలమారితే చాలు, నా ఆయుష్షు పోసుకుని బతకరా అంటారు. దాన్ని ఇంతవరకూ ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ప్రింటర్ ఆగిపోయింది. కాగితం జారి నేలమీద పడింది.

ఫోన్లో ఒక పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య... కునుకు పట్టేసిందే తబితా. నాన్న కల్లోకొచ్చారు. సిద్ధాంతం వంతెన మీదున్నాం, అరగంటలో వచ్చేస్తాం. ఏంటే, ఏడుస్తున్నావా?"

తబిత ఏడుస్తూనే నవ్వింది. నలభై రోజుల తర్వాత మొదటిసారి మనసు తేలికపడింది. "ఏం లేదక్కా. నువ్వు జాగ్రత్తగా రా" అంది. ఎజ్రా కూడా చెమట తుడుచుకుని వంగి కాగితం తీశాడు. దానివైపు చాలాసేపు చూశాడు. అక్క చోటు మళ్ళీ ఖాళీగా ఉంది. వెనక మెట్లు కనబడుతున్నాయి.

"తబిత గారూ..." అన్నాడు మెల్లగా. "ఈ ఫోటోలో మీరెక్కడ నిలబడ్డారండి?"

"జ్ఞానమ్మత్తకి ఈ పక్కన అక్క చోటు. దాని పక్కనే నేను" అంటూ వేలు పెట్టి చూపించింది.

ఆ వేలి కింద కూడా మెట్లే ఉన్నాయి.

ఎజ్రా చేతిలో వైరు ఇంకా వేలాడుతూనే ఉంది. ప్రింటర్ గరగరమంటూ ఇంకో తెల్ల కాగితం లోపలికి లాక్కుంది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆకాశం, గోపురం, తలలు... గబగబా దిగుతున్నాయి.

"తబితా? మాట్లాడవేంటే?" అంటోంది ఫోన్లో అక్క. "నీ వెనకాల అంతమంది పాడుతున్నారేంటి? కూడిక అప్పుడే మొదలెట్టేశారా?"

గదిలో ఎవరూ పాడటం లేదు. ఆ సంగతే చెప్పాలని తబిత నోరు తెరిచింది. కాగితం మీద బొమ్మ అప్పటికే తన గొంతు దాకా వచ్చేసింది.