నకలు తీస్తే నేరం

"ముఠా వాళ్లు ఎత్తుకెళ్లిన మాస్టారిని సాయంత్రం నాలుగింటికి చంపేస్తారు. ఎక్కడన్నది ఈ డిస్క్‌లో ఉంది," అన్నాడు చీఫ్. "ఇప్పుడు టైమ్ ఒంటిగంటా పది."

ఏజెంట్ మిరియానికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఉదయమే లిఫ్ట్ మెకానిక్ వేషంలో విదేశీ ముఠా ఆఫీసులో దూరి, ఆ హార్డ్ డిస్క్‌ని పానాల పెట్టెలో వేసుకొచ్చింది అతనే. పిస్తోలు పట్టుకోవడం దగ్గర్నుంచి కోపం దిగమింగడం దాకా అన్నీ అతనికి నేర్పింది మాస్టారే. రెండోది మాత్రం ఒంటబట్టలేదు. అందుకే డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ మిరియం అంటారు.

డిస్క్ మొదట ట్రాన్స్‌లేటర్ గదికి వెళ్లింది. ముఠా భాష తెలిసింది ఆవిడొక్కతెకే. గంట తర్వాత "తెరుచుకోవడం లేదు" అని దాన్ని ల్యాబ్‌కి పంపేసి, ఆవిడ భోజనానికి వెళ్లిపోయింది. ఇప్పుడది ల్యాబ్ బల్ల మీద టిక్కుటిక్కుమంటోంది. 'లోపాలున్నాయి. రిపేర్ చేయమంటారా?' అని స్క్రీన్ అడుగుతోంది.

"ముందు కాపీ తీయండి డాక్టర్ గారూ," అన్నాడు మిరియం. ల్యాబ్ చూసే పెద్దాయన్ని అందరూ అలాగే పిలుస్తారు. "ఉన్నదున్నట్టు మొత్తం కాపీ తీసి, ఆ కాపీ మీద చేయండి మీ వైద్యం."

"నలభై నిమిషాలు పడుతుంది బాబూ," అంటూ డాక్టర్ చీఫ్ వైపు చూశాడు.

"రూల్ పదకొండు," అన్నాడు చీఫ్. "రహస్యానికి రెండో ప్రతి ఉండకూడదు. రిపేర్ కొట్టండి."

"సార్! డిస్క్ బాగుంటే చాలు ఆ టూల్‌కి. లోపల ఏముందో దానికి అనవసరం!" అని అరిచాడు మిరియం.

"కొట్టమన్నానా లేదా?"

డాక్టర్ నొక్కాడు. తొమ్మిది నిమిషాల తర్వాత ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. 'రిపేర్ విజయవంతం.' తెరిచి చూస్తే ఒక్క ఫైలూ లేదు. అంకెలు పేర్లుగా పెట్టుకున్న వేల ముక్కలున్నాయి. ఏ ముక్క తెరిచినా చెత్తే.

"బీరువా తలుపు పడట్లేదంటే, అడ్డొస్తున్నాయని బట్టలన్నీ కత్తిరించి పారేసింది మీ టూలు!" మిరియం గొంతు ల్యాబంతా మోగింది. "తలుపు ఇప్పుడు భేషుగ్గా పడుతోంది సార్. చూసి మురిసిపోండి!"

డాక్టర్ కీబోర్డుని పక్కకు నెట్టాడు. "ఇలా అవుతుందని నాకు తెలుసు బాబూ. మెమో ఇస్తారని భయపడి నొక్కాను."

మిరియానికి ఒళ్లు మండిపోయింది. మెమో కాగితానికీ మాస్టారి ప్రాణానికీ తేడా తెలియని మనుషుల మధ్య ఇన్నేళ్లు పనిచేశానా అనిపించింది. ట్రాన్స్‌లేటర్ ఒక్క ముక్కైనా రాసిపెట్టిందేమోనని ఆవిడ గదికి పరుగెత్తాడు. రాసింది ఏమీ లేదు కానీ, ఆవిడ కంప్యూటర్ లాగ్ ఉంది. తెరుచుకోలేదన్న డిస్క్‌ని ఆ కంప్యూటర్ యాభై నాలుగు నిమిషాల పాటు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

అంటే కాపీ తీసుకుంది. ఆ తర్వాతే డిస్క్‌ని చెడగొట్టి ల్యాబ్‌కి పంపింది. ముఠా దగ్గర కూడా ఉన్నది ఆ ఒక్క డిస్కే కాబట్టి, పోయిన సరుకు వాళ్లకు తిరిగి కావాలి; ఆ కాపీని ఆవిడ వాళ్లకే అమ్ముకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మిరియం మాత్రం వెయిటర్ కోటు తొడుక్కుని, ఆవిడ రోజూ భోంచేసే ఎదురు వీధి హోటల్‌లోకి నడిచాడు.

ఆవిడ కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, నల్ల కళ్లద్దాలు తలమీదికి నెట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తోంది.

"కాఫీ, మేడమ్."

"ఈ వేషం నీకు నప్పలేదు మిరియం." ఆవిడ నవ్వుతూ లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పెన్‌డ్రైవ్ తళుక్కుమంది. అతని చెయ్యి చేరేలోపే దాన్ని నేల మీద పడేసి, మడమతో పటపటమని నలిపేసింది. "ఉన్నది అదొక్కటే. నీ మాస్టారికి నమస్కారాలు చెప్పు."

"అబద్ధం," అన్నాడు మిరియం. "ఒక్క కాపీని నమ్ముకోవడానికి నువ్వేమన్నా మా చీఫ్‌వా?"

ఆవిడ చూపు అరక్షణం హ్యాండ్‌బ్యాగ్ మీదికి పోయింది. అది చాలు. ఆవిడ చెయ్యి బ్యాగులోని పిస్తోలును అందుకునేలోగా ట్రే ఆ మణికట్టు మీద పడింది. పౌడర్ డబ్బా అద్దం వెనక గోరంత మెమరీ కార్డు దొరికింది.

ఈసారి డాక్టర్ చీఫ్ వైపు చూడలేదు. ముందు కాపీ తీశాడు, తర్వాతే తెరిచాడు. ముఠా భాష మధ్యలో చిరునామా ఒక్కటే తెలుగులో ఉంది: 'కోల్డ్ స్టోరేజీ, మూడో గది'.

మూడూ యాభై ఎనిమిదికి ఆ గది తలుపు విరిగింది. మాస్టారి కణతకు ఆనించిన తుపాకీ, మిరియం పేల్చిన ఒక్క గుండుకు ఎగిరి అవతల పడింది. కట్లు విప్పుతుంటే మిరియానికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

"ఇంత ఆలస్యమేంరా?" అన్నారు మాస్టారు, చలికి పళ్లు కొట్టుకుంటుంటే.

"మనవాళ్లే చంపబోయారు మాస్టారూ. ముఠా కన్నా ముందే."

అంతలో చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది. "శభాష్ మిరియం! కానీ రూల్ పదకొండు మీరారు. మీరూ డాక్టరూ రేపు పొద్దున్నకల్లా సంజాయిషీ రాసివ్వాలి. మూడు కాపీలు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా!"