ఊరు మారని లాస్య

ఆటిజం ఉన్న పిల్లల్లో చిరాకు, నిద్రలేమి తగ్గించే కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది. అందులో నేను నర్సును. వారానికోసారి పిల్లల ఇళ్లకు వెళ్లి, ఎలా ఉన్నారో రాసుకుని రావాలి.

వీర్నపల్లి ఊళ్లో లాస్యకు ఏడేళ్లు. మాటలు రావు. చెవి పక్కన మూడు వేళ్లు ఆడిస్తూ తనలో తానే నవ్వుకునేది. మందు మొదలుపెట్టిన ఐదో వారం నిద్రలోనే చనిపోయింది.

“మందుకు సంబంధం లేదు సుమలతా. కుటుంబం ఊరు మారిందని రాయి” అన్నాడు పరిశోధన నడిపే డాక్టరు.

రాశాను.

పది రోజులకు కోరుట్లలో నౌషీన్ ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నమే అయినా మబ్బు పట్టి గదంతా మసకగా ఉంది. కరెంటు లేదు. చాటలో సగం చుట్టిన బీడీలు, ఘాటుగా తంబాకు వాసన. తల్లి మహమూదా బేగం ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది.

“మేడం, మా బిడ్డ మాట్లాడింది! ఆరేండ్లకు మొదటిసారి!”

“ఏమన్నది?”

“ఒక్కటే మాట. నాకు సమజైతలేదు. మీరే వినుండ్రి.”

నౌషీన్ సీసా మూతలు వరుసగా పేరుస్తోంది. నన్ను చూసి ఆగింది. కాదు... నా భుజం వెనక్కి చూసింది. తంబాకు వాసన పోయి, మా మందు సిరప్ నారింజ వాసన గుప్పుమంది. నౌషీన్ చెయ్యి మెల్లగా లేచింది. చెవి పక్కన మూడు వేళ్లు ఆడాయి.

“ఊరు మారలే... ఈడనే ఉన్న.”

“ఈ మందు ఆపేయుండ్రి” అన్నాను గుసగుసగా.

మహమూదా మందు సీసాను గుండెకు హత్తుకుంది. “ఎందుకు? మాట పోతది మేడం! ఏమైందో చెప్పుండ్రి.”

చెప్పాలి. కానీ సీసా ఆమె చేతిలోనే వదిలేసి బయటపడ్డాను.

సిరిసిల్ల బస్సులో నలుగురైదుగురే ఉన్నారు. ఇద్దరు కూర్చునే సీట్లో ఒక్కదాన్నే కూలబడ్డాను. బస్సు ఊరు దాటింది. ఫోన్ మోగింది.

జగిత్యాల నుంచి ఎల్లేశం. ఆయన కూతురూ మా మందే తాగుతోంది. ఆ పాపకూ మాటల్లేవు.

“మేడం, మా బిడ్డ ఇప్పుడే మాట్లాడింది!” “కానీ గదేందో... ‘మేడంను కిటికీ దిక్కు జరుగుమను, నాకు జాగ లేదు’ అంటున్నది. మీరు యాడున్నరు మేడం?”

కిటికీ వైపు జరిగాను.

పక్కన ఖాళీ సీటు... మెల్లగా కిందికి కుంగింది.