చెరగని స్టేజీ

ప్రోగ్రాములను మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ రాసినాయన కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. పక్కన కప్పులో సగం తాగిన టీ. వేళ్లు ఇంకా కీబోర్డు మీదే ఉన్నాయి.

"గుండెపోటని డాక్టరంటున్నాడు. టీలో విషమని మన ల్యాబ్ అంటోంది," అన్నాడు చీఫ్. "ఆయన కంపైలర్‌తో తయారైన ప్రోగ్రామ్ ఇవాళే డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో పెడుతున్నారు. ఆయన పనిచేసిన కంపెనీలో మన మనిషి ఒకావిడ ఉంది. వెళ్లి కలువు."

తాపీగా నడుస్తాడని డిపార్ట్‌మెంట్ ఆ గూఢచారికి పెట్టిన పేరు నత్త. మెకానిక్ వేషం వేసుకుని, పెన్నులో ట్రాన్స్‌మిటర్ దాచుకుని బయల్దేరాడు.

"ఫ్యాను ఆగిపోయిందటగా?" కంపెనీలో ఒకావిణ్ణి అడిగాడు నత్త.

"ఆగలేదు, ఆలోచిస్తోంది," అంటూ ఆమె నల్లకళ్లద్దాలు తీసి నవ్వింది. కోడ్ సరిపోయింది. చూపు తిప్పుకోవడమే కష్టమైంది.

ఆమె ఆ కంపెనీలో కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. ఆటలు పెద్దవి, మిషన్ మెమరీ చిన్నది. అందుకే ఆయన కంపైలర్‌లో ఓ ఏర్పాటు చేశాడట: ఒక స్టేజీ అయిపోగానే తర్వాతిది వచ్చి మెమరీలో అదే చోట్లో కూర్చుంటుంది.

"మరి పాత స్టేజీ?"

"మొత్తం చెరిగిపోతుంది. అనుమానమే అక్కర్లేదు."

ఆమె ఫోన్లో ఉండగా నత్త ఆ ఆట ఆడి చూశాడు. మూడో స్టేజీ ఆకాశంలో రెండో స్టేజీ గోడ ముక్క వేలాడుతోంది! చెరుపుతూ కూర్చుంటే ఆట నత్తనడక నడుస్తుందని, పాతదాన్ని అలాగే వదిలేశారన్నమాట. ఆట చేసిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా? మరి అబద్ధమెందుకు చెప్పినట్టు?

డ్యామ్ ప్రోగ్రామ్ ఉన్న డిస్కుతో ఆమె కంట్రోల్ రూమ్‌కి బయల్దేరితే, పనిముట్ల పెట్టె మోస్తూ అతనూ వెనకే వెళ్లాడు.

గేట్లు తెరిచే రహస్య పదాన్ని ఇంజినీరు టైపు చేశాడు. వెంటనే మెమరీలో అదే చోట్లోకి వాతావరణ రిపోర్టు వచ్చి కూర్చుంది. ఆ భాగం రాసింది ఆమే. అది టెలిఫోన్ లైన్ మీద బయటికి పోతుంది. సరిహద్దు అవతల ఎవరు చెవులు రిక్కించుకుని ఉన్నారో! కింద లోయ నిండా ఇళ్లు.

తాపీ మనిషి ఒక్క దూకు దూకి లైన్ పీకేశాడు.

రిపోర్టు తెర మీదే ఆగిపోయింది. గాలి, వాన, తేమ. ఆ కింద, ఇంజినీరు ఇప్పుడే కొట్టిన రహస్య పదం, అక్షరం పొల్లుపోకుండా.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. నత్త ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. చిన్న పిస్తోలు నేల మీద పడింది.

"పాతదాన్ని చెరిపేలా కంపైలర్‌ని మారుస్తానని ఆయన పట్టుబట్టాడు. ఎంత చెప్పినా వినలేదు," అంది ఆమె.

"అందుకని టీ ఇచ్చారు."

ట్రాన్స్‌మిటర్ పిలుపందుకున్న మనుషులు వచ్చి బేడీలు వేస్తుంటే ఆమె నత్త వైపు తల తిప్పింది.

"ఇంతకీ నా మూడో స్టేజీ దాటారా?"

"ఎక్కడ మేడం! నాలుగుసార్లు చచ్చాను."