రాజు మీద పడని వెలుగు

పాతపట్నంలో బట్టల కొట్టు గణపతిరావు గారు రాజు వేషం వేస్తే ఆయన మొహం, కిరీటం, వేలి ఉంగరంతో సహా అందరికీ కనిపించాలి. నాటక సమాజానికి ప్రెసిడెంటూ ఆయనే, హీరో కూడా ఆయనే కాబట్టి ఆ రూలుకి ఎదురు లేదు.

కిరాణా వర్తకుల ఇంటి కుర్రాడు ధర్మారావుకి మాత్రం ఆ రూలు నచ్చలేదు. సమాజంలో పెట్రోమాక్స్ దీపాల బాధ్యత అతనిది. దీపం మనుషుల్ని కాదు, మనసుల్ని చూపించాలని అతని నమ్మకం. రేకు పెట్టెలో పెట్రోమాక్స్ అమర్చి, ముందు రంగు అద్దం బిగించి, వెన్నెల కురిపించేవాడు, తెల్లవారేలా చేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, రాజుకి కొడుకు పోయిన సీనులో నీలం అద్దం వేశాడు.

మర్నాడు గణపతిరావు గారి అమ్మాయి కన్యాకుమారి అతన్ని తమ కొట్టు గుమ్మంలోనే ఆపింది.

"మా నాన్నని పీనుగులా సూపించారేటండీ?"

"పీనుగు కాదండీ, అది దుఃఖం."

"కొట్టుకొచ్చినోళ్లందరూ ఆయనకి ఒంట్లో ఎలాగున్నాదని అడుగుతన్నారు."

ధర్మారావు కళ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆమె ఓపిగ్గా విని, తప్పు నాన్న మొహానికి పూసుకున్న అర్దళం అనే పసుపు రంగు పొడిదని చెప్పింది. పసుపు మీద నీలం వెలుగు పడితే ఆకుపచ్చ కాక ఏమవుతుంది? పగలు కొన్న చీర దీపం దగ్గర రంగు మారిందని పోట్లాటకొచ్చేవాళ్లని ఆమె రోజూ చూస్తోంది. ధర్మారావు ఉపన్యాసం మానేసి, ఏ గుడ్డ ఏ వెలుగులో ఎలా మారుతుందో అడగడం మొదలుపెట్టాడు.

ఇకమీదట దీపాలన్నీ తెల్లగా వెలగాలనీ, లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాననీ గణపతిరావు గారు హుకుం జారీ చేశారు. కూతురు నచ్చజెప్పి ఒక్క సీనుకి మాత్రం ఒప్పించింది. రాజ్యం పోయిన రాజు పద్యం పాడతాడు. స్టేజీ అంతా చీకటి, ఆయన మీద ఒక్క దీపం.

ఆ సీను కోసం సాయంత్రాలు కొట్టు వెనక గదిలో పరీక్షలు జరిగాయి. కన్యాకుమారి పిన్ని సూర్యకాంతం కాపలా కూర్చునేది. ఎర్ర అద్దం ముందు తెల్ల గుడ్డ, పచ్చ అద్దం ముందు గులాబీ గుడ్డ పెట్టి చూస్తూ ధర్మారావూ కన్యాకుమారీ పోట్లాడుకునేవారు. మనసుల్ని చూపించే దీపం చేతిలో ఉన్నా, తన మనసు సంగతి ధర్మారావుకి పిన్నికి తెలిసినంతైనా తెలియలేదు.

కన్యాకుమారికి నౌపడ ఉప్పు వర్తకుల సంబంధం వచ్చిందని విన్న రోజు తెలిసింది. కాబోయే వియ్యంకుడు తన నటన చూడాలని గణపతిరావు గారి ముచ్చట. అందుకే పెళ్లివారిని నాటకానికే పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

సీను వచ్చింది. దీపాలు ఆరాయి. రాజు ముందుకొచ్చి పద్యం ఎత్తుకున్నాడు. ధర్మారావు దీపం పెట్టె మూత తీశాడు. ఆడవాళ్ల వరస చివర కన్యాకుమారి కూర్చుని ఉంది. చూపు రాజు మీద లేదు, ధర్మారావు మీద ఉంది. వెలుగు రాజుని వదిలి మెల్లగా ఆమె వైపు తిరిగి, ఆమె మొహం మీద ఆగింది. ఆమె తల దించుకోలేదు.

రాజు చీకట్లోనే పాడాడు. పద్యం అయిపోగానే జనం వన్స్ మోర్ అన్నారు. ఆయన మళ్లీ చీకట్లోనే పాడారు. పెళ్లివారు ఆ రెండోసారి వినకుండానే బండి కట్టించుకున్నారు.

చెయ్యి జారిందని ధర్మారావు ఊరంతా చెప్పుకున్నాడు. గణపతిరావు గారు కబురు పెడితే, చివాట్లకి సిద్ధపడి వెళ్లాడు.

ఆయన గుడ్డలు మడతపెడుతూ అన్నారు. "ఇన్నేళ్లు ఏసినాను. మొగం కనబడినన్నాళ్లూ ఒక్కడూ వన్స్ మోర్ అన్లేదురా."

జనం అడిగింది పద్యాన్నా, వెలుగునా అన్నది ఆయనకి ఎవరూ చెప్పలేదు. పెళ్లివారు పోయినందుకు కోపం ఉంది. కానీ ఈ కళ తెలిసినవాడు పరాయివాడుగా ఉండడం సమాజానికి మంచిది కాదని కూడా ఆయనకి తోచింది. మీ పెద్దవాళ్లని పంపమన్నారు.

గుమ్మంలో కన్యాకుమారి నిలబడి ఉంది.

"నిజం సెప్పండి. సెయ్యి జారిందా?"

అతను అలవాటుగా జారిందనే అన్నాడు.

"వన్స్ మోర్‌కి కూడా అక్కడికే జారతాదేటండీ?"