రెండో ఈల

తెల్లవారేసరికి ఇన్‌ఫార్మర్ శవం రేవు మెట్ల దగ్గర తేలింది. చచ్చేముందు అతను రేడియోలో చెప్పగలిగింది ఒక్క ముక్కే: బాంబు చేపల పడవలో ఉంది, అందులోవాళ్లు పాత నేవీ మనుషులు.

ఎక్కడా కుదురుగా ఉండడు కాబట్టి సీక్రెట్ సర్వీస్‌లో మన ఏజెంట్‌కి పాదరసం అని పేరు. ఇవాళైతే హార్బర్ కంట్రోల్ రూమ్‌లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తిరగడా మరి! ఒకే సముద్రాన్ని పంచుకునే పదకొండు దేశాల యుద్ధనౌకలు ఉమ్మడి గస్తీకి బయల్దేరాయి. ముందున్న ఫ్లాగ్‌షిప్‌లో సిగ్నల్‌మన్ స్వయానా అతని బావమరిది. వద్దంటున్నా వినకుండా కుర్రాణ్ణి నేవీలోకి ఎగదోసింది తనే. వాడికేమైనా అయితే భార్యకు మొహమెలా చూపించాలి?

ఫ్లాగ్‌షిప్‌ని పేల్చేస్తే దేశాలు ఒకదాన్నొకటి అనుమానించుకుంటాయనీ, గస్తీ అటకెక్కుతుందనీ, ఆయుధాలు దొంగరవాణా చేసే ముఠా ఓడలకు ఇక అడ్డే ఉండదనీ చీఫ్ పొద్దున్నే చెప్పాడు. ఆపుదామంటే ఇరుకు దారి, ఓడలు వెనక్కి తిరగలేవు. ఆ దారి పొడుగునా బోలెడన్ని చేపల పడవలు.

"ఎర్ర పడవే. నా చెవులారా విన్నాను," అంది ఇంటర్‌ప్రెటర్.

నల్ల కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, నాలుక చివర ఏడు భాషలు. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోందని చీఫ్‌కి ఆమె మీద మహా గురి. ఓడ పేరెత్తితేనే కడుపులో తిప్పుతుందనీ, జన్మలో డెక్ మీద కాలు పెట్టలేదనీ ఆమే అందరికీ చెప్పుకుంది. గస్తీ బోట్లు ఎర్ర పడవ మీదికి ఉరికాయి.

పాదరసం బైనాక్యులర్స్ ఎత్తాడు. ఎర్ర పడవలో ఓ ముసలాయన బోట్లవాళ్లకు శాపనార్థాలు పెడుతున్నాడు. ఆ పెట్టే తీరు ఏ నేవీలోనూ నేర్పేది కాదు. అంటే బాంబున్నది ఇందులో కాదు. పాదరసం మైక్ లాక్కున్నాడు.

"ఫ్లాగ్‌షిప్, సెల్యూట్ ఈల వెయ్యండి. లౌడ్‌స్పీకర్లో."

ఎవరికోయ్ సెల్యూట్ అని చీఫ్ మండిపడ్డాడు.

ఆ ఈల వింటే నేవీవాడు చేతిలో పని వదిలేసి నిటారుగా నిలబడాలి. విశ్రాంతికి రెండో ఈల పడేదాకా కదలకూడదు. ఏళ్లు గడిచినా ఒంట్లోంచి పోని అలవాటది.

ఈల సన్నగా, పొడుగ్గా మోగింది. జాలర్లెవరూ తల కూడా ఎత్తలేదు. ఫ్లాగ్‌షిప్‌కి కూతవేటు దూరంలో ఓ నీలం పడవలో మాత్రం ముగ్గురు వలలు వదిలేసి గుంజల్లా నిలబడ్డారు.

"నీలం పడవ! ఇంజన్ మీద కాల్చండి!"

ఫ్లాగ్‌షిప్ గన్ గర్జించింది. నాలుక కరుచుకున్న ముగ్గురూ నీళ్లలోకి దూకారు. పడవ పక్కకు కొట్టుకుపోయి ఇసుకమేట దగ్గర పేలింది. కంట్రోల్ రూమ్ అద్దాలు గడగడలాడాయి.

"అందరం క్షేమం బావా," అంది రేడియోలో కుర్ర గొంతు. "ఈల బాగానే వేశానా?"

పాదరసానికి కళ్లు చెమర్చాయి. బాగా వేశావురా అని మాత్రం అనగలిగాడు. తర్వాత చరచరా వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇంటర్‌ప్రెటర్ అప్పటికే హ్యాండ్‌బ్యాగ్‌తో అక్కడిదాకా వచ్చేసింది. ఈల మోగినప్పుడు ఆమె మడమలు టక్కున కలవడం అతను కిటికీ అద్దంలో చూశాడు.

"అప్పుడే ఎక్కడికి మేడమ్?" అన్నాడు బేడీలు తీస్తూ. "రెండో ఈల ఇంకా పడలేదుగా."